ఎండాకాలంలో ఒంటి వేడి, చెమట, వడదెబ్బ: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి దాటిందంటే ఇవే సందేహాలు మళ్ళీ మొదలవుతాయి. వాటిని ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే. జ్వరం చూసే థర్మామీటరుతో పని పడేచోట ఫారెన్‌హీట్ అంకె కూడా ఇచ్చాం.

ఎండకు మాట తడబడుతున్న మనిషి ఇప్పుడే మీ ఎదుట ఉంటే చదవడం ఆపండి. నీడకు చేర్చి, ఒంటి నిండా నీళ్ళు పోసి, విసురుతూ 108కి ఫోన్ చేయండి.

## ఒళ్ళు తనను తాను ఎలా కాచుకుంటుంది

బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా ఒంట్లో 37 డిగ్రీలే ఎలా ఉంటుంది?

ఊరికే కూర్చున్నా పెద్దవాళ్ళ ఒంట్లో దాదాపు 100 వాట్ల వేడి పుడుతూనే ఉంటుంది. పార పట్టి మట్టి తవ్వుతుంటే అది 300 నుంచి 500 వాట్ల దాకా పెరుగుతుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి పంపకపోతే గంట తిరిగేలోపే ప్రమాదం ముంచుకొస్తుంది.

పంపే దారులు ముఖ్యంగా రెండు. మొదటిది రక్తం. లోపలి వేడిని మోసుకొచ్చి చర్మం దగ్గర వదులుతుంది. మామూలప్పుడు చర్మానికి నిమిషానికి పావు నుంచి అర లీటరు రక్తం వస్తే, తీవ్రమైన వేడిలో అది 6 నుంచి 8 లీటర్ల దాకా పెరగగలదు. విశ్రాంతిలో గుండె ఒళ్ళంతటికీ కలిపి పంపేది నిమిషానికి 5 లీటర్లే. అంటే ఎండలో కదలకుండా కూర్చున్నవాళ్ళ గుండె కూడా పరుగు తీస్తున్నట్టే లెక్క. వడగాడ్పుల రోజుల్లో గుండెజబ్బు ఉన్నవాళ్ళు ఎక్కువగా చనిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

రెండో దారి చెమట. వేడిలో చర్మం దాదాపు 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకంటే వేడెక్కితే మొదటి దారి తిరగబడి, బయటి వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలే ఆధారం చెమట ఆరడం ఒక్కటే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 580 కిలోక్యాలరీల వేడి పోతుంది. గంటసేపు చేసిన బరువు పని వేడినంతా తుడిచిపెట్టడానికి అది చాలు. కారి నేల మీద పడిన చెమట వల్ల మాత్రం చల్లదనం రాదు. నీళ్ళు, ఉప్పు పోవడమే మిగులుతుంది.

ఈ ఏర్పాటు ఎంత గట్టిదో 1770లలో ఇంగ్లండులో చార్లెస్ బ్లాగ్డెన్ బృందం చూపించింది. నీళ్ళు మరిగే వేడిని మించిన పొడిగదిలో వాళ్ళు కొద్ది నిమిషాలు గడిపి క్షేమంగా బయటికి వచ్చారు. అదే గదిలో పెట్టిన గుడ్లు మాత్రం ఉడికిపోయాయి.

ఒళ్ళు వేడెక్కుతోందని మెదడుకు ఎలా తెలుస్తుంది?

రెండు చోట్ల నుంచి కబురు అందుతుంది. చర్మంలోని నరాల కొసల్లో వేడికి, చలికి వేర్వేరు గ్రాహకాలు ఉంటాయి. నీడలోంచి ఎండలోకి అడుగు పెట్టగానే, లోపలి వేడి ఇంకా మారకముందే, అవి హెచ్చరిస్తాయి. రెండోది మెదడు అడుగున ఉండే హైపోథలామస్. తన గుండా పారే రక్తం వేడిని అదే స్వయంగా పసిగడుతుంది. ఈ రెండిటిలో లోపలి రక్తం వేడికే అది ఎక్కువ విలువ ఇస్తుంది. కొద్ది పాయింట్లు పెరిగినా చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమట మొదలవుతుంది. తగ్గితే నాళాలు ముడుచుకుంటాయి, రోమాలు నిక్కబొడుచుకుంటాయి, అదీ చాలకపోతే వణుకు పుడుతుంది.

గుంటూరు మిరపకాయ కొరికితే ముఖాన చెమట పట్టేదీ ఈ గ్రాహకాల వల్లే. సుమారు 43 డిగ్రీలు దాటితే తెరుచుకునే గ్రాహకాన్ని మిరపలోని క్యాప్సైసిన్ వేడి లేకుండానే తెరిచేస్తుంది. ఒళ్ళు మోసపోయి చెమట విడుస్తుంది. ఈ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్, స్పర్శ గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

సాయంత్రం చూస్తే 99 ఫారెన్‌హీట్ చూపిస్తోంది. జ్వరమా?

చాలామటుకు కాదు. ఒంటి వేడి తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. ఆరోగ్యవంతుల్లోనూ ఈ తేడా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా ఉంటుంది. చంకలో పెట్టి చూస్తే అసలు కంటే కాస్త తక్కువే వస్తుంది. నుదుటికి గురిపెట్టే తుపాకీ థర్మామీటర్లను ఎండలోంచి అప్పుడే వచ్చిన మనిషి మీద నమ్మొద్దు. అవి చూపేది చర్మం వేడిని.

దాహం వేశాక తాగితే ఆలస్యమైనట్టేనా?

ఇంట్లో, ఆఫీసులో ఉండే ఆరోగ్యవంతులకు దాహం మంచి గుర్తే. రక్తంలో ఉప్పు గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా మెదడు అడుగున ఉండే హైపోథలామస్‌లోని కణాలు పసిగడతాయి. ముందు ఏడీహెచ్ అనే హార్మోను విడుదలై మూత్రపిండాల్లో నీటిని పట్టి ఉంచుతుంది. మూత్రం తగ్గి చిక్కబడుతుంది. గాఢత ఇంకాస్త పెరిగాకే దాహం వేస్తుంది. అంటే దాహం కంటే ముందే మూత్రం రంగు మీకు కబురు చెబుతుంది. లేత పసుపైతే పర్వాలేదు, ముదురు పసుపైతే తాగాలి. విటమిన్ బిళ్ళలు వేసుకునేవాళ్ళకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

గంటకు లీటరు చెమట కార్చే పనివాళ్ళ సంగతి వేరు. వాళ్ళ దాహం నష్టం వెనకాల నడుస్తుంది. నాలుగు గుక్కలు తాగగానే గొంతు తడిసి దాహం తీరినట్టనిపిస్తుంది కానీ లోటు పూడదు. అరవై దాటినవాళ్ళలో దాహమే మందగిస్తుంది. ఈ రెండు రకాల వాళ్ళూ గడియారం చూసి తాగాలి.

మామిడిపండు వేడి చేస్తుందంటారు. నిజంగా ఒంటి ఉష్ణోగ్రత పెరుగుతుందా?

పెరగదు. మామిడిపండు తిన్నా, బొప్పాయి తిన్నా థర్మామీటరు అంతే చూపిస్తుంది. ఏ భోజనం చేసినా అరుగుదలకు కాస్త వేడి పుడుతుంది, దాన్ని ఒళ్ళు చెమటగా వదిలేస్తుంది.

అయితే “వేడి చేసింది” అంటూ మనవాళ్ళు చెప్పే లక్షణాలు ఊహలు కావు. మూత్రంలో మంట, కళ్ళు ఎర్రబడటం, నోటిపూత, సెగ్గడ్డలు, వీటిలో ఒక్కోదానికి ఒక్కో కారణం. ఎండాకాలం మూత్రం మంటకు ఎక్కువసార్లు కారణం నీళ్ళు చాలక మూత్రం చిక్కబడటమే. లీటరున్నర, రెండు లీటర్లు తాగాక కూడా మర్నాటికి తగ్గకపోయినా, చలిజ్వరం వచ్చినా, నడుం పక్కన నొప్పి ఉన్నా అది ఇన్ఫెక్షనో రాయో కావచ్చు. సబ్జా నీళ్ళతో రోజులు గడపకుండా మూత్ర పరీక్ష చేయించండి.

రామగుండంలో 44 డిగ్రీలు ఓర్చుకున్నవాళ్ళు విశాఖలో 37కే ఎందుకు అల్లాడతారు?

చెమట ఆరడం గాలిలోని తేమను బట్టి ఉంటుంది. దీన్ని కొలిచేదే తడి ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకె. 44 డిగ్రీల వేడి, 15 శాతం తేమ ఉంటే తడి ఉష్ణోగ్రత దాదాపు 23. 37 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే అది దాదాపు 30. ఒంటికి సంబంధించినంతవరకు రెండోదే గడ్డు పరిస్థితి. తడి ఉష్ణోగ్రత 35 దాటితే నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా వేడిని వదిలించుకోలేడని సిద్ధాంతం. ఆరోగ్యవంతులైన యువకుల మీద ఇటీవల జరిగిన ప్రయోగాల్లో 31 దగ్గరే ఒంటి వేడి ఆగకుండా పెరగడం మొదలైంది.

కూలర్ తెలంగాణలో, రాయలసీమలో బాగా పనిచేసి కోస్తాలో జిగట తెప్పించడానికీ ఇదే కారణం. కూలర్ గాలిని తడి ఉష్ణోగ్రత కంటే కిందికి దించలేదు. పైగా గదిలో తేమ పెంచుతుంది. కూలర్ పెట్టినప్పుడు ఎదురుగా కిటికీ తెరవాల్సిందే.

పొడి ఎండలో వేరే మోసం ఉంది. చెమట పుట్టగానే ఆరిపోతుంది కాబట్టి చొక్కా తడవదు, ఎంత నీరు పోయిందో తెలియదు. ఉక్కపోతలో కనీసం చెమట కనిపిస్తుంది.

## ఎండలోకి దిగేముందు

కొత్తగా పనిలో చేరినవాళ్ళకే ఎక్కువగా ఎందుకు తగులుతుంది?

ఒళ్ళు వేడికి అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు కావాలి. ఆ రోజుల్లో రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, ఎక్కువ వస్తుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. ఈ ఉప్పు పొదుపు ఆల్డోస్టెరాన్ హార్మోను పని. గుండె వేగమూ నెమ్మదిస్తుంది. ఇవేవీ జరగని మొదటి మూడు నాలుగు రోజులే గండం.

కొత్తవాళ్ళకు మొదటి రోజు మొత్తం పనిలో ఐదో వంతే ఎండలో పెట్టి, రోజుకో ఐదో వంతు పెంచుకుంటూ పోవాలి. పాతవాళ్ళు రెండు మూడు వారాలు సెలవు మీద వెళ్ళి వచ్చినా అలవాటు చాలావరకు పోతుంది. వాళ్ళకు మొదటి రోజు సగం పనితో మొదలుపెడితే చాలు. నిజామాబాద్, జగిత్యాల, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్ళే కూలీలు ‘మాకు ఎండ కొత్తా’ అనుకుంటారు. డిసెంబరు, జనవరి ఇంటి దగ్గర గడిపి నేరుగా వేసవి పనిలోకి దిగినా, అక్కడ రాత్రంతా ఏసీ గదిలో ఉండి పగలు ఎండలోకి వెళ్ళినా, అలవాటు ఉన్నట్టే అనుకోకూడదు.

అలవాటు పడ్డాక నీళ్ళ అవసరం తగ్గదు. చెమట పెరుగుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ తాగాలి. మేస్త్రీలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

బీపీ, షుగరు మాత్రలు వేసుకుంటూ ఎండలో తిరగొచ్చా?

తిరగొచ్చు, కానీ ఒంటి వేడి బయటికి పోయే ఏ దారిని ఏ మాత్ర మూసేస్తుందో తెలిసి ఉండాలి. మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే బీపీ మాత్రలు నీటిని, ఉప్పును తగ్గిస్తాయి. బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి. మూత్రంలో చక్కెర పోయేలా చేసే కొత్తరకం షుగరు మాత్రలు నీటినీ లాగేస్తాయి. మత్తు తెప్పించే పాతరకం అలర్జీ, జలుబు మాత్రలు, మూత్రాశయం మందులు, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ చెమటనే తగ్గిస్తాయి. మానసిక జబ్బులకు ఇచ్చే కొన్ని మందులు, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథలామస్ పనిని మందగింపజేస్తాయి. లిథియం వేసుకునేవాళ్ళ ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు విషస్థాయికి చేరగలదు.

మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు. ఏప్రిల్ రాకముందే చీటీ పట్టుకెళ్ళి, వేసవికి మోతాదు మార్చాలేమో డాక్టరును అడగండి. ఇన్సులిన్‌ను మట్టికుండలోనో ఫ్రిజ్‌లోనో ఉంచాలి. బండి డిక్కీలో వదిలేస్తే పనికిరాకుండా పోతుంది.

ఎలాంటి బట్టలు వేసుకోవాలి?

వదులుగా, లేతరంగులో, పొడుగు చేతులతో ఉన్న నూలు బట్టలు. ఎండలో చొక్కా విప్పితే చల్లగా ఉంటుందనుకోవద్దు, సూటిగా తగిలే ఎండే ఎక్కువ వేడి ఇస్తుంది. తలపాగా తడిపి చుట్టుకుంటే మంచిదే, ఆరగానే మళ్ళీ తడపాలి.

## ఎండలో ఉండగా

గంటకు ఎన్ని నీళ్ళు తాగాలి?

బరువు పనిలో ఉంటే 15, 20 నిమిషాలకు ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మిల్లీలీటర్లు. గంటకు ముప్పావు లీటరు, లీటరు అవుతుంది. మీ లెక్క మీకు కచ్చితంగా కావాలంటే పనికి ముందు, తర్వాత పొడి ఒంటితో బరువు చూసుకోండి. కిలో తగ్గితే, తాగినది కాక ఇంకో లీటరు లోటు ఉన్నట్టు. బరువులో రెండు శాతం, అంటే 60 కిలోల మనిషి కిలోంపావు తగ్గితే పని సత్తువ తగ్గడం మొదలవుతుంది.

గంటకు లీటరున్నర మించొద్దు. మూత్రపిండాలు గంటకు బయటికి పంపగలిగేది సుమారు ఒక లీటరే. అంతకు మించి ఉత్త నీళ్ళు పోస్తే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం, ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. చూడటానికి వడదెబ్బలాగే ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా నీళ్ళు తాగిస్తారు. అది ప్రాణం మీదికి తెస్తుంది. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీళ్ళ పరిమితి పెట్టుకున్నవాళ్ళకు ఈ అంకెలు వర్తించవు.

ఉత్త నీళ్ళు చాలవా? ఉప్పు ఎప్పుడు కలపాలి?

ఒకటి రెండు గంటల పనికి నీళ్ళు, ఆపైన మామూలు భోజనం చాలు. ఆవకాయ, పప్పు, పులుసుతో తినే మన భోజనంలో ఉప్పుకు కొదవ లేదు. ఉపాధి హామీ పనిలాగా పొద్దంతా మట్టిలో ఉండే పనికి మాత్రం ఉప్పు కావాలి. లీటరు చెమటతో మనిషిని బట్టి 1 నుంచి 4 గ్రాముల ఉప్పు పోతుంది. చొక్కా వీపు మీద ఆరిన తెల్లటి చారలు ఉంటే మీరు ఉప్పు ఎక్కువ పోగొట్టుకునే బాపతు.

ఇలాంటప్పుడు ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఉప్పు గంజి, జొన్న అంబలి, తరవాణి అన్నీ మంచివే. దాహం తీర్చడంలో వీటికి రంగునీళ్ళ సీసాలేవీ సాటి రావని మా అభిప్రాయం. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. తాగండి గానీ పోయిన ఉప్పుకు అది బదులు కాదు. ఉప్పుబిళ్ళలు మింగొద్దు, కడుపులో తిప్పి వాంతి అవుతుంది.

ఓఆర్‌ఎస్ ఇంట్లో ఎలా కలుపుకోవాలి?

కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్ళలో టీస్పూనుతో తలకొట్టి కొలిచిన 6 స్పూన్ల పంచదార, అర స్పూను ఉప్పు. కలిపాక రుచి చూడండి. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపాలి. 24 గంటలు దాటితే వాడొద్దు.

పంచదార రుచి కోసం కాదు. చిన్నపేగు గోడలో సోడియం, గ్లూకోజు జంటగానే లోపలికి పోయే ద్వారం ఉంటుంది, వాటి వెంట నీరు వెళుతుంది. పంచదార మరీ ఎక్కువైతే నీరు పేగులోకే తిరిగి వచ్చి విరేచనాలు పెరుగుతాయి. దుకాణంలో కొనేటప్పుడు పెట్టె మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చూడండి. లీటరుకు ఉప్పు 2.6, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. ప్యాకెట్ అంతా ఒకేసారి, దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. సగం పొడి గ్లాసుడు నీళ్ళలో వేసి తాగించడం మన ఇళ్ళలో ఎక్కువగా జరిగే పొరపాటు.

ఫ్యాన్ వేడిగాలి కొడుతోంది. వేసుకోవాలా, ఆపాలా?

గది వేడి 35 లోపు ఉంటే వేసుకోండి. 40 దాటితే పొడి ఒంటి మీద ఫ్యాన్ గాలి మండుతున్న పొయ్యి దగ్గర కూర్చోబెట్టినట్టే, వేడిని ఒంట్లోకి తోస్తుంది. అప్పుడు ఒళ్ళు తడిపి గానీ, తడి తుండు కప్పుకుని గానీ ఫ్యాన్ కింద ఉండాలి. చెమట సరిగా పట్టని ముసలివాళ్ళకు ఇది మరీ ముఖ్యం.

ఎండలోంచి రాగానే చల్లటి నీళ్ళు తాగితే, స్నానం చేస్తే ప్రమాదమా?

ఆరోగ్యవంతులకు కాదు. కుండ నీళ్ళు, ఫ్రిజ్ నీళ్ళు ఏవైనా నిదానంగా తాగొచ్చు. మరీ చల్లని నీళ్ళు గటగటా తాగితే కొందరికి నుదురు లాగేస్తుంది, అంతే. స్నానమూ మంచిదే. గుండెజబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ఐసునీళ్ళు ఒక్కసారిగా నెత్తిన పోసుకోవద్దు. మామూలు నీళ్ళు కాళ్ళ నుంచి మొదలుపెట్టి పోసుకుంటే సరి.

టీ, కూల్‌డ్రింకులు, కల్లు తాగొచ్చా?

రెండు మూడు కప్పుల టీ వల్ల నీరు తగ్గదు. కూల్‌డ్రింకులో చక్కెర ఎక్కువ, దాహం తీరదు. కల్లు, బీరు వద్దు. మూత్రపిండాల్లో నీటిని పట్టి ఉంచే ఏడీహెచ్ హార్మోనును ఆల్కహాలు అణిచేసి, నీటిని మూత్రంలో పంపేస్తుంది. ఒళ్ళు తేడా చేస్తున్న సంగతీ తెలియనివ్వదు.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే వడదెబ్బ తగలదా?

తగులుతుంది. ఉల్లిపాయను మజ్జిగన్నంలో నంజుకోండి.

## ఒళ్ళు తేడా చేసినప్పుడు

క్యూలో నిలబడి ఉండగా కళ్ళు తిరిగి పడిపోయారు. ఎందుకు?

వేడికి చర్మం కింది నాళాలు తెరుచుకుని ఉంటాయి, కదలకుండా నిలబడితే రక్తం కాళ్ళలో చేరుతుంది, మెదడుకు చాలదు. పడుకోబెట్టి కాళ్ళు ఒక అడుగు ఎత్తులో పెడితే నిమిషం రెండు నిమిషాల్లో తేరుకుంటారు. తేరుకున్నాక మాట స్పష్టంగా ఉంటే నీళ్ళు ఇవ్వండి. తేరుకోకపోయినా, గుండెనొప్పి అన్నా, పడటంలో తలకు దెబ్బ తగిలినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నిలబడక తప్పనివాళ్ళు మడమలు ఎత్తి దించుతూ ఉంటే పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి.

పని అయ్యాక రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయి. ఏం చేయాలి?

పట్టేసిన కండరాన్ని మెల్లగా సాగదీసి పట్టుకోండి. పాదాన్ని మోకాలి వైపు వంచితే పిక్క సాగుతుంది. ఉప్పు మజ్జిగో ఓఆర్‌ఎస్సో తాగండి. గంట దాటినా వదలకపోతే డాక్టరుకు చూపించాలి.

తలనొప్పి, వాంతి వచ్చేలా ఉంది, విపరీతమైన నీరసం. ఇది వడదెబ్బేనా?

మాట, నడక, తెలివి సరిగ్గా ఉంటే ఇంకా కాదు. ఇది దానికి ముందు మెట్టు. నీరు, ఉప్పు తగ్గి, అటు చర్మానికీ ఇటు కండరాలకూ రక్తం పంపలేక గుండె అలిసిపోతోంది. చర్మం చెమటతో జిగటగా ఉంటుంది, నాడి వేగంగా కొట్టుకుంటుంది, వేడి 40 (104 ఫారెన్‌హీట్) లోపే ఉంటుంది.

పని వెంటనే మానేసి నీడలో పడుకోవాలి. బట్టలు వదులు చేసి, ఒళ్ళు తడిపి, విసరాలి. కొద్దికొద్దిగా ఓఆర్‌ఎస్ తాగించాలి. అరగంటలో తేరుకోకపోయినా, తాగింది తాగినట్టు కక్కేసినా ఆసుపత్రికి. ఆ రోజుకు మళ్ళీ పనిలోకి దిగనివ్వొద్దు. “కాసేపు కూర్చుని లేచా, బాగానే ఉంది” అన్న మనిషే సాయంత్రానికి పడిపోతాడు.

చంటిపిల్లల్లో, ముసలివాళ్ళలో ఏ గుర్తులు చూడాలి?

చంటిపిల్లలకు బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ కాబట్టి బయటి వేడి త్వరగా పట్టేస్తుంది, చెమట తక్కువ, దాహం అని చెప్పలేరు. మాడు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీళ్ళు రాకపోవడం, ఆరుగంటలైనా డైపరు తడవకపోవడం, పాలు తాగకుండా మత్తుగా ఉండటం ప్రమాద గుర్తులు. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళు పట్టొద్దు, తల్లిపాలే ఇంకా ఎక్కువసార్లు ఇవ్వాలి. ఆగి ఉన్న కారులో, అద్దం కాస్త దించి అయినా సరే, ఐదు నిమిషాలు కూడా వదలొద్దు.

ముసలివాళ్ళలో చెమట, చర్మానికి రక్తం, దాహం మూడూ తగ్గుతాయి. ఎండలోకి వెళ్ళకపోయినా, రేకుల ఇంట్లో రెండు మూడు రాత్రులు వేడిలో పడుకుంటే చాలు, వడదెబ్బ తగలొచ్చు. 2015 మేలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ముసలివాళ్ళు, కూలీలే ఎక్కువ. పొద్దుటి నుంచి మూత్రానికి లేవకపోవడం, కొత్తగా పొంతన లేని మాటలు, ఎప్పుడూ లేనంత మగత కనిపిస్తే “వయసు కదా” అని వదిలేయొద్దు.

## మనిషి పడిపోయినప్పుడు

చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదేమో?

చెమట పడుతున్నా వడదెబ్బే కావచ్చు. ఒళ్ళు పొడిగా కాలిపోవడం ముసలివాళ్ళలో, ఇంట్లో ఉండి వడదెబ్బ తగిలినవాళ్ళలో ఎక్కువ. పనిచేస్తూ, పరుగెత్తుతూ పడిపోయిన యువకులకు ధారగా చెమట పడుతూనే ఉండొచ్చు. తేల్చే గుర్తు మెదడు తీరు. తికమక, చిరాకు, తూలడం, సంబంధం లేని మాటలు, ఫిట్స్, స్పృహ తప్పడం. వీటితో పాటు ఒళ్ళు కాలుతుంటే వడదెబ్బే అనుకుని మొదలుపెట్టాలి. థర్మామీటరు కోసం వెతుకుతూ కూర్చోవద్దు.

108 వచ్చేలోగా ఏం చేయాలి?

ముందు చల్లబరచాలి, తరలించడం ఆ తర్వాతే. 40 డిగ్రీల పైన గడిచే ఒక్కో నిమిషం మెదడును, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అరగంటలో వేడిని 39 (102 ఫారెన్‌హీట్) కిందికి దించగలిగితే చాలామంది బతుకుతారు.

1. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మిగిలినవాళ్ళు నీడకు చేర్చండి. బూట్లు, బెల్టు, పైబట్టలు తీసేయండి.
2. మనిషి స్పృహలో లేకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్ళు, నిమ్మరసం ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
3. బిందెలతో, పైపుతో, ఏది దొరికితే దానితో ఒళ్ళంతా తడుపుతూనే ఉండండి. తుండుతో, అట్టముక్కతో, ఫ్యాన్‌తో ఆగకుండా గాలి తగలనివ్వండి.
4. ఐసు ఉంటే గుడ్డలో చుట్టి మెడ, చంకలు, గజ్జల్లో పెట్టండి.
5. పని చేస్తూ పడిపోయిన యువకుడైతే, పక్కనే పశువుల తొట్టో నీళ్ళ టబ్బో ఉంటే మెడదాకా ముంచి, తల పట్టుకుని ఉండటం అన్నిటికంటే వేగంగా పనిచేస్తుంది. ముసలివాళ్ళకు నీళ్ళు, గాలి పద్ధతే మంచిది.
6. మాట తిన్నగా వచ్చినా, వణుకు మొదలైనా ముంచడం ఆపండి. అంబులెన్సులో కూడా తడిగుడ్డలు, గాలి కొనసాగాలి.

నుదుటి మీద ఒక్క తడిగుడ్డ వేసి ఊరుకోవడం వల్ల, చుట్టూ పదిమంది మూగి గాలి ఆడకుండా చేయడం వల్ల విలువైన సమయం పోతుంది.

వేడి 105 ఫారెన్‌హీట్ ఉంది. పారాసెటమాల్ వేయొద్దా?

వడదెబ్బకు వేయొద్దు. జ్వరంలో ఇన్ఫెక్షన్ వల్ల ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం పుట్టి, మెదడులోని హైపోథలామస్ ఒంటి వేడికి పెట్టుకున్న లక్ష్యాన్నే 37 నుంచి 39కి మారుస్తుంది. అందుకే 38 ఉన్నా చలి వేసి దుప్పటి కప్పుకుంటాం. పారాసెటమాల్ ఆ రసాయనాన్ని తగ్గించి లక్ష్యాన్ని కిందికి దించుతుంది. వడదెబ్బలో లక్ష్యం 37 దగ్గరే ఉంది, దాన్ని అందుకునే శక్తే పోయింది. మాత్రకు దించడానికి ఏమీ లేదు, పైగా అప్పటికే దెబ్బతిన్న కాలేయం మీద భారం. ఆస్పిరిన్ రక్తస్రావం ముప్పును పెంచుతుంది.

ఊళ్ళో సెలైన్ పెట్టించాం. సరిపోతుందా?

సెలైన్ నీటి లోటు తీరుస్తుంది, ఒంటి వేడిని దించదు. తికమకలో ఉన్న మనిషిని గదిలో పడుకోబెట్టి సీసా అయ్యేదాకా చూడటమంటే చల్లబరచాల్సిన అరగంటను చేజేతులా వదులుకోవడమే. సూది ఎక్కుతున్నా ఒళ్ళు తడుపుతూనే ఉండాలి. రక్తపరీక్షలు, మూత్రపిండాల పర్యవేక్షణ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

## తేరుకున్నాక

మళ్ళీ పనికి ఎప్పుడు వెళ్ళొచ్చు?

నీరసం, తలనొప్పితో ఆగిపోయినవాళ్ళు ఒకటి రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, మూత్రం లేత రంగుకు వచ్చి, ఆకలి, నిద్ర కుదిరాక వెళ్ళొచ్చు. మొదటి రోజు సగం పనే. వడదెబ్బతో ఆసుపత్రిలో చేరినవాళ్ళు కనీసం వారం పాటు ఏ బరువు పనీ చేయకూడదు. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు, కండరాల పరీక్షలు మామూలుగా ఉన్నాయని డాక్టరు చెప్పాక, ముందు చల్లటి పూట తేలికపాటి పనితో మొదలుపెట్టి వారాల మీద పెంచుకోవాలి. కొన్నాళ్ళపాటు వేడిని తట్టుకునే శక్తి తక్కువగానే ఉంటుంది. అందుకే ఆ వేసవి మిగిలిన రోజుల్లో ఒంటరిగా ఎండలో పని పెట్టుకోవద్దు.

రెండో రోజు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తోంది. నీళ్ళు తాగితే పోతుందా?

నీళ్ళతో సరిపెట్టొద్దు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. వేడికి, శ్రమకు కండరాలు చితికితే వాటిలోని మయోగ్లోబిన్ రక్తంలో కలిసి, మూత్రపిండాల సన్నని గొట్టాల్లో చేరి అడ్డుపడుతుంది. తొడలు, భుజాలు ముట్టుకుంటే నొప్పిగా, బరువుగా ఉంటాయి. సీకే (కండరాలు చితికితే రక్తంలో పెరిగే ఎంజైము), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపేది), పొటాషియం పరీక్షలతో ఇది తేలుతుంది. త్వరగా సెలైన్ ఎక్కిస్తే మూత్రపిండాలు చాలామటుకు నిలబడతాయి. ఈలోగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు మాత్రం వేసుకోవద్దు. నీరు తగ్గి ఉన్న మూత్రపిండాలకు రక్తాన్ని అవి ఇంకా తగ్గిస్తాయి.